పిల్ల కంటి ఎత్తుకు దిగండి

బత్తలపల్లె చుట్టుపక్కల చెరువు మరవ పారిందంటే ఊరంతా కట్ట మీదికి వస్తుంది. ఆడవాళ్లు గంగమ్మకు పసుపు కుంకుమ వదులుతారు. పిల్లోళ్లు మరవ కింద చేపలకు దిగుతారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది, ఆ కాస్తా పడాల్సినప్పుడు పడదు. శెనక్కాయ చేను ఎండి, ఇక ఈ ఏడు ఇంతే అనుకున్నాక, అక్టోబరులోనో నవంబరులోనో తుఫాను పట్టి నాలుగు రోజుల్లో కుంటలన్నీ నింపేసి పోతుంది. 2021 నవంబరులో అదే జరిగింది. చిత్రావతి పొంగి, నదిలో చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టరు వచ్చి తీసుకుపోయింది. ఆ వరద తగ్గి, చెరువుల్లో నీళ్లు తేరుకున్నాక, నీటి మీద పిల్లపక్షుల ఫొటోలు తీయడం నేను మొదలుపెట్టాను.

మొదలుపెట్టిన రోజే తప్పు చేశాను. ఈ అధ్యాయం అంతా ఆ తప్పు నేర్పినదే కాబట్టి దాన్ని దాచకుండా చెబుతాను.

జమ్ము పక్కన మునుగుడు కోడి గూడు కనిపించింది. గూడంటే పుల్లల గూడు కాదు. నాచు, తుంగ, కుళ్లిన ఆకులు పోగేసి నీటి మీద తేలేట్టు కట్టుకున్న చిన్న తడి దిబ్బ. నేను గట్టు దిగి ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డాను. తల్లి లేచింది, ముక్కుతో గబగబా తడి నాచు లాగి గుడ్ల మీద కప్పింది, మునిగింది. ఎక్కడో దూరంగా తేలి నన్ను చూసింది. నేను కదల్లేదు, అదే ఓపిక అనుకున్నాను. గంట గడిచింది. పొద్దెక్కి ఎండ చురుక్కుమంటోంది. గొర్రెలు తోలుకొస్తున్న ముసలాయన కట్ట మీద ఆగి అన్నాడు: "ఏమప్పా, నువ్వట్ల నిలబడుకోనుండేంతసేపూ అది గూటికాడికి రాదు. కూలబడు, లేకుంటే పో."

నేను వెళ్లిపోయాను. కట్ట ఎక్కి తుమ్మచెట్టు వెనక నుంచి చూస్తే నాలుగైదు నిమిషాల్లో తల్లి గూటికి చేరింది. ఇంటికి వచ్చి ఫొటోలు చూసుకున్నాను. ఒక్కొక్క దాంట్లోనూ పక్షి మెడ నిక్కించి నా వైపే చూస్తోంది. పక్షి ఫొటోలు అనుకొని తీసినవన్నీ నన్ను చూసి దానికి పుట్టిన భయం ఫొటోలు. అందులో ఒక్కటీ దాచుకోలేదు.

ముసలాయన చెప్పిన ఆ "కూలబడు" అన్న మాటలో సగం విద్య ఉంది.

మనం నిలబడి కిందికి చూస్తూ తీస్తే ఏం వస్తుంది? పిల్ల వీపు, దాని చుట్టూ బురద నీళ్లు. కళ్లు కనిపించవు. అదే లెన్సు నీటికి జానెడు ఎత్తులోకి దిగితే పిల్ల మీకు ఎదురుగా వస్తుంది. కంట్లో పొద్దుటి వెలుగు చుక్క మెరుస్తుంది. నీడ పక్కనే తలకిందులుగా తేలుతుంది. వెనకనున్న అవతలి గట్టు ఎక్కడో దూరాన ఉండిపోతుంది కాబట్టి పసుపో పచ్చో ఒక మెత్తని రంగుగా కరిగిపోతుంది. ఖరీదైన లెన్సు కొంటే వస్తుందనుకునే ఆ మెత్తదనం చాలావరకు బోర్లా పడుకుంటే వచ్చేదే. మా చెరువుల్లో కొత్త నీరు మొదటి నెల ఎర్రమట్టి కలిసి టీ రంగులో ఉంటుంది. ఆ రంగు చూసి నిరాశపడకండి. పొద్దున ఏడు గంటల ఎండలో ఆ నీళ్లు రాగిరేకులా మెరుస్తాయి, నల్లటి పిల్ల దాని మీద చక్కగా విడిగా కనిపిస్తుంది.

పడుకోవడానికి రెండు గోనెపట్టలు చాలు. లెన్సు కింద పెట్టుకోవడానికి చిన్న గుడ్డసంచి కుట్టించుకోండి. నేను మొదట దాంట్లో శెనక్కాయలు నింపాను, తేలిగ్గా ఉంటుందని. కదిలిస్తే చాలు గరగరమంది. ఒలిచిన విత్తనాలు నింపాక చప్పుడు పోయింది. ఇసుక ఇంకా మంచిది, మోయడమే కష్టం.

ఒక హెచ్చరిక. మా చెరువుల్లో ఒండ్రు తవ్వుకుపోయిన గుంతలుంటాయి. పైన మోకాటి లోతు నీళ్లలా కనిపించి, ఒక్క అడుగు ముందుకేస్తే నిలువు లోతు. ఫొటో కోసం తెలియని నీళ్లలోకి దిగొద్దు. గట్టునే పడుకోండి, పడుకునే ముందు కర్రతో చుట్టూ తట్టండి. కంపచెట్ల ముళ్లు చెప్పు అడుగును కూడా దాటివస్తాయి, ఎండు తుంగలో పాములుంటాయి.

ఇక కూర్చోవడం సంగతి. ఓపిక గురించి ఎవరైనా రాయమంటే నేను మొదటి నలభై నిమిషాల గురించే రాస్తాను.

మొదటి పది నిమిషాలు ఘోరంగా ఉంటాయి. చీమలు మోచేతి మీదికి ఎక్కుతాయి. మెడ లాగుతుంది. ఫోను తీసి చూడాలనిపిస్తుంది. చెరువు ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే మీరు వచ్చిన సంగతి చెరువంతటికీ తెలుసు. పదిహేను నిమిషాలకు ఒక తూనీగ వచ్చి లెన్సు అంచున వాలుతుంది. గట్టు వార నీళ్లలో కప్పలు ఒక్కొక్కటే తల పైకి పెడతాయి. ఆ తర్వాత ఎక్కడి నుంచో లకుముకి పిట్ట వచ్చి ఎండు కొమ్మ మీద కూర్చుంటుంది, మిమ్మల్ని పట్టించుకోదు. అప్పుడు మీ ఊపిరి కూడా నెమ్మదించి ఉంటుంది. జమ్ములో సన్నగా కిచకిచ వినిపిస్తుంది. తల్లి ముందు వస్తుంది, ఒంటరిగా. ఒక చుట్టు చూసుకొని పోతుంది. రెండోసారి వచ్చినప్పుడు వెనక పిల్లలుంటాయి. ఆ మొదటి రాకలో మీరు కెమెరా అటూ ఇటూ తిప్పితే రెండో రాక ఉండదు. కాబట్టి మొదటిసారి వచ్చినప్పుడు ఫొటో తీయకండి. ఇది నా నియమం. దీనివల్ల నాకు పోయిన ఫొటోల కంటే దొరికిన ఫొటోలు చాలా ఎక్కువ.

ముసలాయన దగ్గర ఇంకో సంగతి కూడా నేర్చుకున్నాను. ఆయన గొర్రెలు నీళ్లకు దిగితే బాతులు నాలుగు బారల దూరం జరిగి మేత మేస్తూనే ఉంటాయి. నేను వెళ్తే లేచిపోతాయి. రోజూ వచ్చే గొర్రెలు, బర్రెలు, వాటి వెనక కంబళి కప్పుకున్న మనిషి చెరువు పక్షులకు అలవాటే. తిన్నగా తమ వైపే నడిచొచ్చే మనిషి అలవాటు లేదు. 1892లో ఇంగ్లండులో గుడ్లున్న పక్షి గూటిని ఫొటో తీసి పేరు తెచ్చుకున్న కీర్టన్ సోదరులు, తర్వాత రోజుల్లో ఎద్దు చర్మంతో డొల్ల బొమ్మ చేయించి, దాని కడుపులో దూరి పక్షుల ఫొటోలు తీశారు. మనకు ఆ అవస్థ అక్కర్లేదు, నిజం గొర్రెలే ఉన్నాయి. కాపరిని అడిగి మందతోపాటు నడిచి వెళ్లండి. మంద ఆగిన చోట కూర్చోండి, మంద పోయినా మీరు కదలకండి. పచ్చ, బూడిద రంగు బట్టలు మేలు. పక్షి వైపు తిన్నగా నడవొద్దు. పక్కకు పోతున్నట్టు ఏటవాలుగా నడవండి.

తల్లి భయపడిందని ఎలా తెలుస్తుంది? మెడ నిక్కించి మేత ఆపిందంటే అది మొదటి మాట. పిల్లల్ని తోసుకుంటూ తుంగలోకి పోతే రెండో మాట. బాతు ఒక రెక్క విరిగినట్టు నీళ్ల మీద కొట్టుకుంటూ మీ ముందు పొర్లిందనుకోండి, అది ఆఖరి మాట. మిమ్మల్ని పిల్లల దగ్గర నుంచి దూరంగా లాక్కెళ్లడానికి తన ప్రాణం ఎర వేస్తోంది. ఎంత మంచి దృశ్యం అని ఫొటో తీసేవాళ్లను చూశాను. తీయకండి, వెనక్కి రండి. ఆ రెండు నిమిషాలు పిల్లలు చెల్లాచెదురై ఉంటాయి, పైన గద్ద తిరుగుతూనే ఉంటుంది. కాకులు మీ కంటే బాగా గమనిస్తాయి.

గూడు విషయంలో చట్టం కూడా స్పష్టంగా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లను పాడుచేయడాన్నే కాక గుడ్లను, గూళ్లను కదిలించి చెదరగొట్టడాన్ని కూడా వేట అనే మాట కిందికే తెచ్చింది. కనిపించడం లేదని గూటికి అడ్డమొచ్చిన తుంగ విరిచే చెయ్యి ఆ లెక్కలోకే వస్తుంది. అడ్డమున్న ఆ తుంగే గుడ్లకు నీడ, దాపు. గూటి ఫొటోలు నేను మానేశాను. పిల్లలు నీళ్లలోకి వచ్చాకే నా పని మొదలు.

మునుగుడు కోడి పిల్లలతో మొదలుపెట్టమని అందరికీ చెబుతాను, ఎందుకంటే ఏ కుంటలోనైనా ఉంటాయి. పిల్ల తల మీద, మెడ మీద నలుపూ తెలుపూ చారలు గీసినట్టుంటాయి. పుట్టిన కొద్ది గంటలకే ఈదగలదు కానీ నూగు బొచ్చు తడిసి తొందరగా చలేస్తుంది, అందుకని మొదటి వారం రోజులు ఎక్కువగా అమ్మానాన్నల వీపు మీదే గడుపుతుంది. రెక్కల మడతలోంచి చారల తల ఒకటి బయటికి వస్తుంది. తండ్రి చిన్న చేపో పురుగో తెస్తాడు, వీపు మీదున్న పిల్లే ముక్కు చాచి అందుకుంటుంది. అదే మీరు ఎదురుచూడాల్సిన క్షణం. తండ్రి మునిగిన చోటు వైపు కాకుండా, తల్లి వీపు మీదనే ఫోకసు పెట్టి ఉంచండి. మేత అక్కడికే వస్తుంది. ఒక్కోసారి పిల్ల వీపు మీద ఉండగానే పెద్దది మునుగుతుంది. పిల్ల బెండులా పైకి తేలి చుట్టూ చూస్తుంది. అప్పటి దాని మొహం ఒక్కసారి చూసినవాళ్లు మళ్లీ ఆ గట్టుకు రాకుండా ఉండలేరు.

తామర, తుంగ ఉన్న పాత చెరువుల్లో చిలువలుంటాయి. ఈల వేస్తూ ఎగిరే బాతులివి. చెట్టు తొర్రల్లోనూ, కొంగలు వదిలేసిన పాత గూళ్లలోనూ గుడ్లు పెడతాయి. పొదగడం, పిల్లల్ని తిప్పడం తల్లీ తండ్రీ కలిసే చేస్తాయి. ముక్కు చివర పసుపు రంగున్న చుక్కల బాతు అయితే తల్లి ఒక్కటే ఎనిమిదో పదో పిల్లల్ని వెంటేసుకొని తిరుగుతుంది. ఇన్ని పిల్లల్ని ఒక్క ఫొటోలో ఇమడ్చాలని తొందరపడకండి. అవి గుంపుగా ఉన్నప్పుడు కంటే బారుగా గట్టు వార తిరిగేటప్పుడు తీయండి. తల్లి కంటికి కాకుండా మధ్యనున్న పిల్ల కంటికి ఫోకసు పెట్టి, ఎఫ్ 8 దగ్గర తీస్తే మిగతావి కూడా తేటగా వస్తాయి. తామరాకుల మీద నడిచే జకానా కనిపిస్తే పిల్లల వెంట ఉన్నది తండ్రి అని గుర్తుంచుకోండి. గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని సాకేదీ మగపక్షే.

నాకు మనసుకు దగ్గరైంది మాత్రం తీతువు. ఇది నీళ్ల మీద ఉండదు, నీళ్ల వార ఉంటుంది. చెరువు వెనక్కి తగ్గి బయటపడ్డ గులకరాళ్ల నేల మీద, గూడనే పేరుకు నాలుగు రాళ్లు పక్కకు జరిపి, నాలుగు గుడ్లు పెడుతుంది. అవి ఆ రాళ్లలో రాళ్లలా ఉంటాయి. మే నెల ఎండలో ఆ నేల మీద మనం చెప్పుల్లేకుండా నిలబడలేం. అక్కడ తీతువు గుడ్లను వేడి చేయడానికి కూర్చోదు, నీడ పట్టడానికి నిలబడుతుంది. మధ్యమధ్య పరుగున పోయి నీళ్లలో పొట్ట ఈకలు ముంచుకొని వచ్చి, ఆ తడితో గుడ్లను, పిల్లల్ని చల్లబరుస్తుంది. మనం దగ్గరికి పోయి దాన్ని పది నిమిషాలు ఎగరగొడితే లోపలి పిల్ల ఉడికిపోతుంది. తీతువు అరిస్తే కీడని మా అవ్వ అనేది. కీడు మనవల్ల దాని పిల్లలకు. దగ్గర్లో పసివి ఉన్నాయి, తప్పుకోండని అది చెబుతోంది. పిల్లలు నేలకు అంటుకుపోయి కదలకుండా ఉంటాయి కాబట్టి తొక్కే ప్రమాదం కూడా ఉంది. తీతువును కారులోంచి దిగకుండా, అద్దం దించి, తలుపు మీద సంచి పెట్టుకొని తీయండి. ఎండ ముదిరాక అసలే వద్దు.

కెమెరా సంగతి క్లుప్తంగా చెబుతాను. పొద్దు పొడిచిన గంటన్నర, సాయంత్రం చివరి గంట మంచి వెలుతురు. పొద్దున తూర్పు గట్టున కూర్చుంటే సూర్యుడు మీ వెనక ఉంటాడు. పిల్లలు నిమిషం ఆగవు, షట్టరు సెకనులో 1000వ వంతుకు తగ్గనివ్వకండి. రెక్కలు విదిలించేటప్పుడు 2000వ వంతు కావాలి. అందుకు ఐ.ఎస్.ఓ. పెరిగితే పెరగనివ్వండి. కాస్త గరుకుగా ఉన్న ఫొటోను ఇష్టంగా చూస్తాం, కదిలిపోయిన కంటిని చూడలేం. మెరిసే నీళ్ల మీద నల్లపిల్ల ఉంటే కెమెరా వెలుగుకు మోసపోయి పిల్లను మసిబొగ్గు చేస్తుంది, ఎక్స్‌పోజరును ప్లస్ వైపు కొంచెం జరపండి. తెల్ల కొంగపిల్ల చీకటి నీళ్ల మీద ఉంటే మైనస్ వైపు. ఫ్లాష్ వద్దు. ఫోనులో పక్షి కూత వినిపించి పిలవడం వద్దు. డ్రోన్ ఊసే వద్దు, తల్లి కంటికి అది గద్దే. ఫోను ఒక్కటే ఉన్నవాళ్లు చిన్నబుచ్చుకోకండి. జూమ్ చేయకుండా చెరువంతా పట్టేట్టు తీయండి. ఆ మూల నాలుగు చుక్కలుగా పక్షుల కుటుంబం, పైన గుట్ట, కట్ట మీద చింతచెట్టు. ఆ ఫొటో లెన్సున్నవాళ్లకు రాదు.

సాధన ఎక్కడ అంటే, ఇంటి ముందర. కోడిపిల్లలంత మంచి గురువులు లేరు. గోనెపట్ట వేసుకొని వాటి కంటి ఎత్తులో పడుకొని వారం రోజులు తీయండి. పల్లెల్లో బాతు గుడ్లను కోడి కింద పొదిగిస్తారు. అలాంటి ఇల్లు దొరికితే మీ అదృష్టం. పిల్లలు కుంటలో దిగిన రోజున కోడి గట్టున అటూ ఇటూ పరుగెత్తే దృశ్యం ఒక్కటే పొద్దంతా తీయొచ్చు.

చెరువు దాటి చూడాలనుకుంటే, మా శ్రీ సత్యసాయి జిల్లాలోనే చిలమత్తూరు మండలం వీరాపురం ఉంది. ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చింతచెట్ల మీద, ఇళ్ల నెత్తినే గూళ్లు కడతాయి. జనం సైబీరియా కొంగలంటారు కానీ అవి మన దేశం పక్షులే. ఊళ్లోవాళ్లు వాటిని పుట్టింటికి కాన్పుకొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. అక్కడ మీకు మరుగు అక్కర్లేదు, దాక్కోవడం అక్కర్లేదు. ఎవరింటి ముందర నిలబడ్డారో వాళ్లను ఒక మాట అడిగితే చాలు, మిద్దె ఎక్కనిస్తారు. పిల్లలు గూట్లో లేచి నిలబడి మేతకు అరిచే కాలంలో వెళ్లండి. చుట్టుపక్కల చెరువుల్లో నీళ్లుంటేనే చేపలు, చేపలుంటేనే ఆ పిల్లలు బతికేది. వాన లేని ఏడు వెళ్తే ఆ చెట్ల కింద ఏం కనిపిస్తుందో ఊళ్లోవాళ్లే చెబుతారు, వాళ్లు చెప్పేటప్పుడు మొహాలు చూడండి.

మా కుంటల్లో కూడా లెక్క అదే. మునుగుడు కోడి గుడ్లు పొదగడానికి సుమారు ఇరవై రోజులు, పిల్ల రెక్క వచ్చి ఎగరడానికి ఇంకో నెలన్నర. అంటే రెండు నెలలకు పైనే నీళ్లు నిలవాలి. బాతులకు ఇంకాస్త ఎక్కువ. డిసెంబరు చివర గూడు కట్టిన కుంట ఫిబ్రవరి ఎండకు అడుగంటడం మొదలుపెడుతుంది. మోటార్లు కూడా తోడుతాయి, రైతుకు అది తప్పదు. నీళ్లు తగ్గేకొద్దీ తుంగ గట్టున మిగిలిపోతుంది, పక్షులు నడిమధ్య బయలులో పడతాయి, దాక్కునే చోటుండదు. ఫొటో తీయడానికి అప్పుడే చాలా సులువు. నీళ్లు కుంచించుకుపోయి అన్నీ దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి పట్నం నుంచి కార్లు వచ్చేది కూడా అప్పుడే. ఆ కుంటల దగ్గర నేను కెమెరా బయటికి తీయను. మేత వెతుక్కోవాల్సిన సమయాన్ని నన్ను చూసి దాక్కోవడానికి ఖర్చు చేసే తీరుబడి ఆ పిల్లలకు లేదు. మీరు కూడా తీయకండి. నిండు చెరువుకు వెళ్లండి, ధర్మవరం పెద్ద చెరువుకో, బుక్కపట్నం చెరువుకో. అక్కడ మీకు దూరం జరగడానికి పక్షికి చోటుంటుంది.

మీ ఊరి చెరువు ఈసారి నిండినప్పుడు మొదటి మూడు రోజులు కెమెరా ఇంట్లోనే పెట్టి రండి. ఒక గోనెపట్ట, ఒక నీళ్ల సీసా తెచ్చుకోండి. ఎండ ఏ వైపు నుంచి పడుతుందో, తల్లి ఏ దారిన వస్తుందో, గొర్రెలు ఏ వేళకు నీళ్లకు దిగుతాయో చూసుకోండి. నాలుగో రోజు కెమెరా తెచ్చుకోవచ్చు.